కటుకరోహిణితో పటాన్‌చెరు దాకా

చెట్లు కూడా ఎక్కలేక ఆగిపోయే ఎత్తులో, ఏడాదిలో సగం మంచు కప్పుకొని పడుకునే నేలలో, జానెడు మొక్కకు ఊపిరి నిలిపి ఉంచే దేవునికి స్తోత్రం. ఆ మొక్కను నడి వేసవిలో దక్కను నేలకు దింపి, వెళ్లిన పని ముగిసేదాకా దాని ప్రాణం కాపాడిన ప్రభువుకు స్తోత్రం. ఈ ప్రయాణంలో మేలు ఏదైనా కనబడితే అది ఆయనది. తడబాట్లు మాత్రం నావి.

నేను కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ని. హిమాచల్ కొండల్లో ఒక మిషను బడిలో పాఠాలు చెబుతూ చాలా ఏళ్లుగా అక్కడే ఉండిపోయాను. మా ఊరికి పైన, చెట్ల వరస ముగిశాక వచ్చే రాతి గడ్డినేలల్లో కటుకరోహిణి పెరుగుతుంది. మన వైద్యులు పచ్చకామెర్లకు, పాత జ్వరాలకు వాడే చేదు వేరు అదే. హిందీలో కుట్కీ అంటారు. మంచు కరగగానే జనం గోతాలు పట్టుకొని పైకి వెళ్లి, దాన్ని మొదలంటా పెకలించి, ఎండబెట్టి, వ్యాపారికి అమ్ముతారు. నేను వెళ్లిన కొత్తలో ఒక పూట నడిస్తే కనబడే మొక్క కోసం ఇప్పుడు రెండు రోజులు నడవాలి. కొన్ని వాలుల్లో దాని జాడే లేదు.

మా సంఘంలో బిష్నీ అనే విశ్వాసురాలు ఉంది. ఆమె భర్త ఈ వేరు కోసమే వెళ్లి, తడి రాతి మీద కాలు జారి పోయాడు. ఆ మరుసటి ఏడు ఆమె బంగాళాదుంపలు వేసే మడిలో ఒక మూల కటుకరోహిణి తీగముక్కలు నాటింది. ఊరు నవ్వింది. ఆ చలికాలానికి ఒక్క మొక్క తప్ప అన్నీ చచ్చాయి. మిగిలిన ఆ ఒక్కదాని నుంచే ఆమె మడి నింపింది. నవ్వినవాళ్లలో కొన్ని కుటుంబాలు తామూ నాటుతామని వచ్చాయి. అయితే నాటిన వేరు చేతికి రావాలంటే మూడేళ్లు ఆగాలి. అన్నాళ్లు ఆ మడి నుంచి పూటకూడు రాదు.

పడమటి దేశాల్లో ఎత్తు కొండల మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ల సంఘం ఒకటుంది. అలాంటి మొక్కలను కాపాడేవాళ్లకు, వాటిని గురించి చదివేవాళ్లకు, సాగు చేసేవాళ్లకు ఏటా గ్రాంట్లు ఇస్తుంది. మా బడి పెద్దల ద్వారా మేమూ అడిగాం. వాళ్లు కాదనలేదు, ఒక్క ప్రశ్న వేశారు. మా సాయం ఆగిపోయాక మీరు పండించిన వేరును ఎవరు కొంటారు? కొంటామని ఒక కంపెనీ ఒప్పుకున్నట్టు వానలు దిగేలోగా చూపించండి. లేకపోతే మీ జనం మళ్లీ గునపాలు పట్టుకొని పైకే పోతారు. న్యాయమైన మాట. మాలో ఎవరికీ జవాబు తెలియదు.

వ్యాపారి గోతాల మీద సరుకు చేరాల్సిన ఊరి పేరు ఉండేది. పటాన్‌చెరు. మా కొండల్లో ఆ పేరు తడుముకోకుండా పలకగలిగినవాణ్ని నేనొక్కణ్నే. అందుకని మా గుడి సంఘం నన్ను పంపింది.

తెల్లగుడ్డ, నూనెడబ్బా

నా వెంట రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి బిష్నీ మడిలో మొదటిసారి తీసిన వేళ్ల మూట. అవి ప్రథమ ఫలాలు. దేవుని ముందు పెట్టేదాన్ని మట్టితో పెట్టకూడదని మా సంఘంలో గట్టి పట్టింపు ఉంది. ముల్లంగి అయినా, దుంప అయినా ఊటనీళ్లలో కడిగాకే గుడిలోని బల్ల దగ్గరికి తెస్తారు. ఆడవాళ్లంతా చలిలో గట్టు మీద కూర్చొని ఒక్కో వేరును వేళ్లతో రుద్ది కడిగారు. పొలుసులు గిల్లి తీశారు. ఎండబెట్టి, కొత్త తెల్లగుడ్డలో కట్టి, ప్రార్థన చేసి నా చేతిలో పెట్టారు.

రెండోది ఒక నూనెడబ్బా. అడుగున గులకరాళ్లు, వాటి మీద కొండమట్టి, పైన నాచు, అందులో బతికున్న మొక్క. మొదటి చలికాలాన్ని తట్టుకున్న ఆ ఒక్క మొక్కే అది. మడికంతటికీ తల్లి.

"మడిలో పండిందంటే కిందివాళ్లు నమ్మరు మాస్టర్‌జీ. దీన్ని చూపించు," అంది బిష్నీ. కొంచెం దూరం నా వెంట నడిచి మళ్లీ అంది: "చూపించి, తీసుకురా."

ఢిల్లీ దాటేసరికే ఆకులు ముడుచుకున్నాయి. బల్లార్షాలో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదుట కూర్చుంది. కాసేపు డబ్బాను, కాసేపు నన్ను చూసింది.

"గిదేం మొక్క బిడ్డా?"

"మందుమొక్కమ్మా."

"మరి గింతగనం వాడిపోయిందేంది? ముందుగాల దానికే మందు పొయ్యాలె," అని తన మరచెంబులోని నీళ్లు నన్ను అడగకుండానే డబ్బాలో వంచింది. ఆ చెంబు తప్ప ఆమెకు వేరే నీళ్లు లేవు. సికింద్రాబాద్ వచ్చేదాకా నా కూజా ఆమె దగ్గర పెట్టాను.

బొంబాయి రోడ్డు

సికింద్రాబాద్‌లో దిగి, బస్సు మారి బొంబాయి రోడ్డు పట్టాను. ఊరు దాటాక రెండు పక్కలా నల్లరేగడి, జొన్నకొయ్యలు, బండరాళ్ల గుట్టలు. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక ప్రహరీ, ఒక పొగగొట్టం, మళ్లీ చేను. బస్సులో ఒక పక్క తలపాగాల రైతులు, మరో పక్క నూనె మరకల ఖాకీ చొక్కాలు. కండక్టరు డబ్బాకు కూడా టికెట్ కొట్టబోయాడు. అందులో ప్రాణం ఉంది, సరుకు కాదు అన్నాను. "పానముంటే పూర టికెట్టు సారూ," అన్నాడు. నవ్వి, చివరికి ఏదీ కొట్టలేదు.

పటాన్‌చెరులో దిగేసరికి సైరను మోగింది. మా కొండల్లో రోజును గంట నడిపిస్తుంది, ఇక్కడ సైరను. అది మోగగానే రోడ్డంతా సైకిళ్లు. ఒక హోటల్లో పావలాకు చాయ్ తాగాను. మా వైపు టీలో ఉప్పు, వెన్న వేసే ఇళ్లున్నాయి. ఇక్కడ పాలు మీగడ కట్టేదాకా మరిగించి, పంచదార దండిగా పోసి, సాసరులో వంపుకొని తాగుతారు. నేను కప్పుతో తాగుతుంటే ఎవరో "సారుకు జల్దీ లేదు," అన్నారు.

మా బడి పెద్ద రాసిన ఉత్తరం ముందే చేరింది కాబట్టి శాంతయ్య బస్టాపుకు వచ్చాడు. జోగిపేట వైపు పల్లె నుంచి వచ్చి ఇనుప ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేస్తున్న విశ్వాసి.

"వందనాలు సారూ. ఎండకు జెర పరేషాన్ అయినట్టున్నరు," అన్నాడు. డబ్బా అందుకొని, గోనెపట్టా ఎత్తి లోపలికి చూశాడు. "మీకంటె గిదే ఎక్కువ పరేషాన్ అయింది."

ఇస్నాపూర్ గది

శాంతయ్య, ఆయన భార్య మరియమ్మ ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. వరుసగా కట్టిన రేకుల గదులు, అందరికీ కలిపి ఒక బావి. బీహారువాళ్లు, ఒరియావాళ్లు, నల్లగొండవాళ్లు పక్కపక్కనే వండుకుంటారు. గోడల మీదుగా పోపుల వాసనలు కలిసిపోతాయి. పగలు గదిలో కూర్చోలేం. వేసవంతా జనం ఆరుబయట మంచాలు వేసుకుంటారు. ఇల్లంటే తలుపు బిగించుకొని పొయ్యి చుట్టూ చేరేదని అలవాటుపడ్డ నాకు, ఇంటిని సామానుకు వదిలేసి మనుషులు బయట ఉండడం వింతగా తోచింది. రెండో రోజుకే బాగా నచ్చింది.

మొక్కను నీళ్ల రంజను పక్కన పెట్టి, తడిగోనె కప్పి, గంటకోసారి నీళ్లు చిలకరించేవాణ్ని. మరియమ్మ రొట్టె కొడుతూ నన్నే చూస్తోంది.

"ఏంది సారూ, గీ డబ్బాకు గింత సేవ? మా అత్త మంచాన వడితె గూడ నేను గిన్నిసార్లు నీళ్లియ్యలే."

"ఒప్పుకున్నవు గద," అన్నాడు శాంతయ్య. "ఆయితారం అమ్మకు చెప్త."

"చెప్పు. గప్పుడు నీకు రొట్టె ఎవలు కొడ్తరో సూస్త."

ఆ రొట్టె జొన్నరొట్టె. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరప కాల్చి వేసిన పచ్చిపులుసుతో తిన్నాను. పొయ్యి మీద పెట్టకుండా చేసే పులుసును మా డెల్టాలో నేనెరగను. ఆ ఎండకు అంతకన్నా తగిన కూడు లేదు.

నీళ్లతో సరిపోవడం లేదని సోడాకొట్టులో ఐసు కొనబోయాను. రంపపు పొట్టులో చుట్టిన ముక్క ముప్పై పైసలు. కొట్టాయన ముఖం గంభీరంగా పెట్టి, "జరం ఎవలికి సారూ?" అన్నాడు. మొక్కకు అన్నాను. ఆ తరువాత నన్ను చూసినప్పుడల్లా ఆయన "తగ్గిందా?" అని అడిగేవాడు. లేదని చెబితే మరో ముక్క చుట్టి ఇచ్చేవాడు.

సాయంకాలం శాంతయ్య నన్ను పక్కనే ఉన్న చిట్కుల్‌లో కార్మికుల ఇంటి ప్రార్థనకు తీసుకెళ్లాడు. మా కొండల్లో కూడా చిట్కుల్ అని ఒక ఊరుంది. ఆ లోయలో అదే చివరి ఊరు, అది దాటితే మంచే. అక్కడి ఇళ్లు దేవదారు చెక్కతో కడతారు. ఇక్కడి చిట్కుల్‌లో గదుల ముందు తీగల మీద షిఫ్టు చొక్కాలు ఆరుతున్నాయి. ఈ మాట చెబితే, "మా చిట్కుల్ల మంచంటే ఐసుగోలనే సారూ," అని నవ్వారు. నవ్వాక మోకరించి, చూడని కొండ కోసం, మొక్క కోసం, కొనేవాడు దొరకాలని ఒక్కొక్కరూ ప్రార్థించారు. ఆ ప్రార్థనల బలంతోనే మరునాడు గేట్ల చుట్టూ తిరిగాను.

జిన్నారం దారిలో

జిన్నారం వైపు మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, కొత్తవి ఇంకా లేస్తున్నాయి. మొదటి గేటు దగ్గర వాచ్‌మన్ నా మూట వాసన చూసి, ఇక్కడికి వేళ్లు కాదు, రసాయనాల డ్రమ్ములు వస్తాయన్నాడు. రెండోచోట గుమాస్తా, వేళ్లు కొనే ఫ్యాక్టరీ ఇంకా ముందుందని చెప్పి పంపాడు. దారిలో ఈతచెట్టు కింద కల్లు పోస్తున్నారు. ఎండలో నా వాలకం చూసి ఒకాయన ముంత చాచి, "తాగు సారూ, సల్లగుంటది," అన్నాడు. నేను తాగనన్నాను. "గట్లయితె నీళ్లన్న తాగు," అని తన కుండలోంచి పోశాడు. నడక మానలేదు. వెనక్కి వెళ్లి బిష్నీకి ఏం చెప్పాలో నాకు తెలియదు కాబట్టి ముందుకే నడిచాను.

మూడోది ఆయుర్వేద కంపెనీ. కొనుగోళ్లు చూసే రావు గారిది గుడివాడ పక్క ఊరు, ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నా మాట వినగానే, "మా వైపు యాసండీ. కూర్చోండి, మజ్జిగ తాగండి," అన్నారు. గ్రాంటు సంగతి, మూడేళ్ల సాగు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"నిజం చెప్పాలంటే మాకూ భయంగానే ఉందండి. ఏటేటా సరుకు సన్నబడుతోంది. పిల్ల వేళ్లు కూడా పీకేస్తున్నారు. మీరు పండిస్తానంటే కొంటామని రాసివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే సరుకు మంచిదో కాదో చెప్పేది నేను కాదు. యాదమ్మ."

యాదమ్మ వేళ్లు ఏరే షెడ్డుకు పెద్ద. ఊరు జిన్నారమే. ఆమె ముందు గోతాలు కుమ్మరిస్తే, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఒక్కో వేరును విరిచి, వాసన చూసి, కుడివైపు కుప్పలోనో ఎడమవైపు కుప్పలోనో వేస్తారు. కుడికుప్ప మందులోకి, ఎడమకుప్ప వాపసు. వాళ్ల చేతుల వేగం నేను చూస్తుండగానే ఆమె నా తెల్లగుడ్డ విప్పింది.

"ఎవలు పంపిన్రు గిది?"

"నేనే తెచ్చానమ్మా. మా కొండల్లో మడికట్టి పండించింది."

"కుట్కిని పండించిన్రా?" పక్కవాళ్ల వైపు తిరిగింది. "ఇగ సూడుండ్రి, రేపు రాళ్లు గూడ పండిస్తరట."

షెడ్డంతా నవ్వింది. ఆమె ఒక వేరు తీసి తిప్పి చూసింది. గోరుతో గీకింది. "సబ్బు పెట్టి తోమిన్రా ఏంది?" అని దాన్ని ఎడమకుప్ప మీద వేసింది. ఆ వెనకే మూటంతా అక్కడే పోసింది.

బిష్నీ వేళ్లు అవి.

"ఒకసారి నాలుక మీద పెట్టి చూడండమ్మా. ఎంత చేదో మీకే తెలుస్తుంది."

"చేదుంటది, నాకెర్కనే. చేదు చేసుడు ఎంతసేపు? ఏదన్న ఒక వేరును నేలవేము నీళ్లల్ల వారం నానేసి ఎండవెడితె లోపలి దాంక చేదైతది. ముంచే ముంగట కడగాలె. మట్టి ఉంటే నీళ్లు దిగయి. కడిగిన వేరంటె మాకు ముంచిన వేరే." ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. "ఒకపాలి గిట్లనే తెల్లగ, లావుగ సరుకొచ్చింది. మంచిగున్నదని మేమే కుడిదిక్కు ఏసినం. మందు పని చెయ్యలే. నా పక్కన కూసునేటి ఇద్దరిని పనిలకెల్లి తీసేసిన్రు. అండ్ల ఒకామె నా ఆడిబిడ్డ."

"మాది మోసం కాదమ్మా. దేవుని ముందు పెట్టాలని కడిగారు."

"మా దేవునికి గూడ కడిగే పెడ్తం సారూ. గని ఈడ దేవుడు లేడు, మందు తాగెటోడున్నడు."

రావు గారి వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డారు. "ఆవిడ కాదన్నదాన్ని నేను లోపలికి పంపనండి. ఒకసారి పంపి చూశాం కదా."

ఎడమకుప్పలోంచి నా వేళ్లు నేనే ఏరుకొని, మళ్లీ తెల్లగుడ్డలో కట్టుకొని బయటికి వచ్చాను. ఆమె మీద కోపం తెచ్చుకుందామని దారిలో ప్రయత్నించాను. రాలేదు. నా స్థానంలో ఆమె ఉన్నా, ఆమె స్థానంలో నేనున్నా అదే జరిగేది.

సంగారెడ్డిలో ఆదివారం

మరునాడు ఆదివారం. శాంతయ్య దంపతులతో సంగారెడ్డి గుడికి వెళ్లాను. జిల్లా కచేరీల ఊరు కావడంతో మిగతా రోజులు రద్దీ, ఆ పూట మాత్రం నెమ్మది. గుడిలో చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. పాటకు డోలక్, తాళాలు. మా కొండ గుడిలో చలికి గొంతులు సన్నగా వస్తాయి, ఇక్కడ కప్పు ఎగిరిపోయేలా పాడతారు. దూరం నుంచి వచ్చానని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు.

అరణ్యంలో మారా అనే చోట నీళ్లు చేదుగా ఉంటే జనం సణుగుకున్న సంగతి చెప్పాను. పస్కా పండుగ బల్ల మీద చేదుకూరలు పెట్టమని దేవుడే చెప్పిన సంగతీ చెప్పాను. చేదు వెతుక్కుంటూ వచ్చిన నన్ను చేదు దగ్గరే ఆపేశారని చెప్పి, జరిగినదంతా దాచకుండా వాళ్ల ముందు పెట్టాను. పెద్దలు లేచి ప్రార్థించారు. ప్రార్థన అయ్యాక బగారన్నం, మాంసం వడ్డించారు.

తిరుగు బస్సులో మరియమ్మ అడిగింది. "సారూ, కడిగిన వేరును ఆమె నమ్మదు. గంతే గద?"

"అంతే."

"మరి కడగని వేరు మీ డబ్బాల్నే ఉన్నది గద."

శాంతయ్య ఆమె మోచేయి తాకాడు. ఆ సంగతి నాకు షెడ్డులోనే తట్టింది. తట్టిన దాన్ని అక్కడే అదిమేశాను. వేరు చూపించాలంటే మొక్కను పెకలించి విరవాలి. చూపించి తీసుకురమ్మన్న బిష్నీ మాట చెవిలో ఉంది. ఆమె మడి నిండుగా ఉన్నా, భర్త పోయాక వేసిన మొదటి నాట్లలో ఆమెకు మిగిలింది ఈ మొక్కే.

ఇంటికి చేరి గోనె ఎత్తి చూశాను. మూడు ఆకులు మిగిలాయి. ఒకటి అంచుల నుంచి మాడుతోంది. రంజను పక్కన మోకరించాను. ఈ మొక్కను బతికించమని అడుగుదామనుకున్నాను. నోటి నుంచి ఆ మాట రాలేదు. పైన రాళ్ల మధ్య ఇంకా మిగిలి ఉన్న మొక్కలు కళ్ల ముందుకు వచ్చాయి. మంచు కరగగానే వాటి కోసం గునపాలు పట్టుకొని ఎక్కే మనుషులు, ఆ తడిరాళ్లు కనబడ్డాయి. గింజ నేలలో పడకుండా పంట రాదని ప్రభువు చెప్పిన వాక్యాన్ని ఎన్నిసార్లు పిల్లలకు బోధించానో. లేచేసరికి మనసు గట్టిపడింది.

"రేపు మళ్లీ వెళ్తున్నాను," అన్నాను.

"మరి గప్పటిదాంక ఐసు తెస్త," అని శాంతయ్య సైకిలు తీశాడు.

మళ్లీ షెడ్డులో

"మల్లొచ్చినవా సారూ?" అంది యాదమ్మ తలెత్తకుండా. "కడిగింది మల్ల కడుక్కొని తెచ్చినవా?"

నేను వేళ్ల మూటను చంకలోనే ఉంచి, డబ్బాను ఆమె ముందు పెట్టి గోనె తీశాను. ఆమె చేతిలోని వేరు చేతిలోనే ఉండిపోయింది.

"ఏంది గిది?"

"ఇదేనమ్మా కుట్కీ."

చుట్టూ చేతులు ఆగాయి. ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఏళ్ల తరబడి గోతాల కొద్దీ విరిచిన వేరు అది. బతికుండగా అది ఎలా ఉంటుందో ఆ షెడ్డులో ఒక్కరూ చూసి ఉండలేదు. ఒకామె కొంగుతో చేయి తుడుచుకొని ఆకును కొసన తాకింది. "గింత చిన్నదా? నేను చెట్టనుకున్న," అంది. ఇంకొకామె, "పువ్వు పూస్తదా?" అని అడిగింది. నీలం పువ్వులు కంకిలా వస్తాయని చెప్పాను. రావు గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ఆయనా మొదటిసారే చూడడం.

యాదమ్మ మాత్రం నా ముఖం చూస్తోంది. "ఎందుకు తెచ్చినవు?"

"దీని వేరుకు మట్టి ఉందమ్మా. ఎవరూ కడగలేదు, ఎందులోనూ ముంచలేదు. మీరే పీకి, విరిచి చూడండి. నేను మొన్న తెచ్చినవి దీని పిల్లలే."

ఆమె డబ్బా వైపు చేయి చాచి వెనక్కి తీసుకుంది. "పానంతోని ఉన్నది. నా శాతగాదు. నువ్వే తియ్యి."

నాచు తీశాను. వేళ్లు మట్టిలోకి పోనిచ్చి, మొదలు పట్టుకొని మెల్లగా లాగాను. కొండమట్టి వాసన ఒక్కసారి పైకి వచ్చింది. అక్కడ, ఆ మందుల ఘాటులో, మా ఊటగట్టు వాసన. వేరు లావుగా, నున్నగా ఉంది. మట్టి, పచ్చిదనం తప్ప దానికి, తెల్లగుడ్డలోని వేళ్లకు తేడా లేదు. దాన్ని యాదమ్మకు ఇచ్చాను. ఆమె విరిచింది. విరిచిన చోట తెల్లని చుక్కలు వలయంలా ఉన్నాయి. మట్టితోనే కొస కొరికింది. ముఖం ముడుచుకుంది. ఉమ్మకుండా కాసేపు నమిలింది.

"ఆ గుడ్డల వేర్లు ఇటియ్యి."

వరుసగా విరుస్తూ పోయింది. ప్రతిదాన్నీ పచ్చివేరు పక్కన పెట్టి చూసింది. చుక్కల వలయం రెండింటిలో ఒకేలా ఉందా అని చూసింది, కొరికింది. నేను లోలోపల ప్రార్థిస్తూనే ఉన్నాను. చివరికి ఆమె విరిచిన ముక్కలన్నీ రెండు చేతులతో కూడగట్టి కుడికుప్ప మీద పోసింది.

"మడిల పెరిగితె గిట్ల లావైతది కావచ్చు. మాకు తెల్వది," అంది రావు గారితో. "అసలుదే సారూ. రాసియ్యుండ్రి." తరువాత నా వైపు తిరిగింది. "గని ఒక్క మాట. మీ దేవునికి ఎట్లన్న పెట్టుకోండ్రి. నాకు మాత్రం కడిగి పంపొద్దు. మట్టి లేకుంటె మీరే మోసుకొచ్చినా ఎడమదిక్కే ఏస్త."

"అలాగేనమ్మా."

మొక్క పక్కల నుంచి రెండు తీగలు సాగి ఉన్నాయి. కటుకరోహిణి ఆ తీగకొసల నుంచే మళ్లీ పుడుతుంది. వాటిని జాగ్రత్తగా కోశాను. "పసుపుకొమ్ము లెక్క మొలుస్తదా?" అని యాదమ్మ అడిగింది. దేవుని చిత్తమైతే మొలుస్తుందన్నాను. ఆమె తెల్లగుడ్డను నీళ్లలో తడిపి, డబ్బాలోని మట్టి, నాచు పరిచి, తీగలను అందులో పడుకోబెట్టి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టింది. ప్రథమ ఫలాల కోసం మచ్చ లేకుండా ఉతికి తెచ్చిన గుడ్డ అది. ఇప్పుడు అంతా మట్టే.

"మొలిస్తె ఒక కార్డుముక్క రాయి," అంది. "నాకు సదువు రాదు. రావు సారు సదివి చెప్తడు."

తిరిగి కొండకు

ఇస్నాపూర్‌లో సోడాకొట్టాయన "తగ్గిందా?" అని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన దారికని పెద్ద ఐసుముక్క ఇచ్చి పైసలు తీసుకోలేదు. మరియమ్మ జొన్నరొట్టెలు మూటగట్టింది. రైలు ఎక్కించడానికి శాంతయ్య షిఫ్టు మార్చుకొని వచ్చాడు.

బిష్నీ ముందు తడిగుడ్డ విప్పి, మొక్క బదులు తీగకొసలు పెట్టాను. ఆమె వాటిని ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. మొక్కను ఎందుకు పెకలించాల్సి వచ్చిందో, యాదమ్మ చివరికి ఏమందో చెప్పాను. మట్టి లేకపోతే తీసుకోదట అన్నాను. బిష్నీకి నవ్వు ఆగలేదు. "అంత చల్లనీళ్లలో చేతులు కొంకర్లు పోయేలా కడిగాం," అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తీగలను తనే మడిలో, పాత మొక్క ఉన్న గుంటలోనే నాటింది.

రావు గారు రాసిచ్చిన ఒప్పందాన్ని గ్రాంటు ఇచ్చేవాళ్లకు వానలకు ముందే పంపాం. గ్రాంటు మంజూరైంది. మడులకు రాతికట్టలు పడ్డాయి, నాటినవాళ్ల ఇళ్లకు ఆసరా మొదలైంది. ఆ ఏడు మా ఊరి నుంచి గునపాలు పట్టుకొని పైకి వెళ్లినవాళ్లు బాగా తగ్గారు. పంట పండుగకు పెద్దలు కూడి మాట్లాడుకొని, కటుకరోహిణిని మాత్రం మట్టితోనే బల్ల మీద పెట్టారు. దాన్ని చూస్తుంటే, మనల్ని కూడా ప్రభువు మొదట అలాగే కదా తీసుకున్నాడనిపించింది.

ఇది రాస్తున్న వేళకు మడుల మీద మంచు మోకాలి లోతున ఉంది. ఆ రెండు తీగకొసలూ దాని కింద ఉన్నాయి. బతికాయో లేదో మంచు కరిగేదాకా ఎవరికీ తెలియదు. చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మీరు మా కొండను చూసి ఉండకపోవచ్చు, ఆ షెడ్డునూ చూసి ఉండకపోవచ్చు. అయినా ఈ చలికాలమంతా మీ కుటుంబ ప్రార్థనలో మాతో కలిసి అడగండి. బిష్నీ మడిలో ఆ మూల ఒక ఆకు లేవాలని. యాదమ్మకు నేను ఆ కార్డు రాయగలగాలని.